ముల్లంగి అన్నం

ముల్లంగి అన్నమా, నీకు దండం.

చారెడు బియ్యానికి గంపెడు ముల్లంగి తోడైతే పుట్టినదానివి నువ్వు. నిన్ను వండే తల్లులు ముల్లంగిని బియ్యపు గింజంత సన్నగా తరుగుతారు, కంటికైనా కాసేపు అన్నంలా కనబడాలని. పొయ్యి మీద నీళ్లూరి, తెల్లబడి, మెత్తబడి, ఏది గింజో ఏది ముక్కో తెలియకుండా కలిసిపోతావు. నాలుకకు మాత్రం తెలిసిపోతుంది. కడుపుకి ఇంకా బాగా తెలుస్తుంది, గంట తిరక్కుండానే.

జపాన్ వాళ్లు నిన్ను దైకోన్ మెషి అంటారు. దైకోన్ అంటే ముల్లంగి. మెషి అంటే అన్నం. భోజనమన్నా అదే మాట. "అన్నం తిన్నావా" అని మనం అడిగేటప్పుడు అడుగుతున్నది గింజల సంగతి కాదు కదా, అక్కడా అంతే. పూటకి మరో పేరు వరి గింజ. ఆ గింజే కరువైన ఇంట్లో ఆ పేరునైనా నిలబెట్టినదానివి నువ్వు.

నువ్వు ఉడికిన కుండని నేను చూసింది ఒషిన్ ఇంట్లో. 1983 ఏప్రిల్ 4న జపాన్‌లో ఎన్‌హెచ్‌కే టీవీ తెర మీద మొదలై, పొద్దున ఎనిమిదింబావుకి పదిహేను నిమిషాల చొప్పున, 297 భాగాలు నడిచి 1984 మార్చి 31న ముగిసిన 'ఒషిన్' కథ అది. రాసింది హషిదా సుగాకో. ఏడాది పొడవునా జపాన్‌లో నూటికి సగటున 52.6 ఇళ్లు ఆ కథ ముందు కూర్చున్నాయి. నవంబరు 12న ఆ లెక్క 62.9కి చేరింది. ఆ దేశపు ధారావాహికల్లో అంతమంది కలిసి చూసిన పూట మరొకటి లేదు.

ఆ ఇళ్లలో అప్పటికి ఫ్రిజ్ నిండా పాలూ మాంసమూ పళ్లూ ఉన్నాయి. మీట నొక్కితే అన్నం వండిపెట్టే కుక్కర్లున్నాయి. నిండిన కడుపులతో కూర్చుని, ఒక ఖాళీ కడుపు కోసం ఆ మనుషులెందుకు అంతలా ఏడ్చారు?

యమగతా కొండల మధ్య మంచులో మునిగిన కౌలురైతు ఇల్లు. 1907. పండిన పంటలో పెద్ద వాటా ఆసామికి పోగా మిగిలినదాన్ని చూసి చలికాలాన్ని లెక్కపెట్టుకునే ఇల్లు. పని చేయలేని నాకెందుకమ్మా అన్నం అని మూలకి ముడుచుకుపోయే నాయనమ్మ. నోళ్లెక్కువై కొత్త నోటిని భరించలేక, కడుపులోని బిడ్డ పోవాలని గడ్డకట్టే ఏట్లో నడుములోతు దిగిన తల్లి. ఆ ఏటి గట్టున నిలబడి అది చూసిన ఏడేళ్ల ఒషిన్. పరాయి ఇంటికి పనికి పోనని అంతదాకా మొండికేసిన పిల్ల, తల్లిని ఆ నీళ్లలో చూశాక, పోతానంది. కూలి, ఏడాదికి ఒక మూట బియ్యం. అరవై కిలోలు. ఇలా పిల్లల్ని పనికి పంపేయడాన్ని జపనీయులు నోరు తగ్గించడం అంటారు. ఇంత కఠినమైన మాటని ఇంత మామూలుగా పలకగలిగిన ఊళ్లెన్ని చూసిందో ఆ దేశం.

మొగామి నది మీద తెప్ప కదులుతుంది. గట్టున తల్లి. తెప్ప మీద చిన్న మూటా, మూటంత పిల్లా. చుట్టూ మంచు. ఒషిన్‌గా వేసిన కొబయాషి అయాకోకి అప్పుడు పదేళ్లు నిండాయో లేదో. "అమ్మా" అని ఆ పిల్ల అరిచిన కేకని జపనీస్ రాని నేనూ ఉపశీర్షిక చూడకుండానే విన్నాను.

అన్నమా, ఆ తెప్ప కదిలాక నాకు నీ మీద చూపు మారింది. ఆ ఇంట్లో వడ్డన ఎలా జరుగుతుందో వెనక్కి వెళ్లి మళ్లీ చూశాను. ఎవరి గిన్నెలో ఎంత పడుతోంది, ఎవరు ముందు తింటున్నారు, ఎవరు తినీ తిననట్టు చెయ్యి కడుగుతున్నారు. ఈ కథని చూసిన కోట్ల మంది నిజంగా చూసింది అదేనని నాకిప్పుడు గట్టి నమ్మకం. వాళ్లు ఒషిన్ గిన్నెలోకి చూడలేదు. అమ్మ గిన్నెలోకి చూశారు. నాయనమ్మ గిన్నెలోకి చూశారు. చూసి, తమ ఇంట్లో అందరికంటే చివర తిన్న మనిషిని గుర్తుపట్టారు.

ఆ గుర్తుపట్టడానికే నేను మొక్కుతున్నాను.

జపాన్‌లో దానికి జబ్బు పేరు పెట్టారు, ప్రేమతోనే. ఒషిన్ పేరునీ సిండ్రోమ్ అనే మాటనీ అతికి ఒషిన్‌డ్రోమ్ అన్నారు. 1984లో కొత్త మాటలకి తొలిసారి బహుమతులిచ్చినప్పుడు బంగారు బహుమతి దానిదే. మధుమేహంతో పోరాడుతూ, తినేదాన్ని కొలుచుకుంటూ 1983లో సుమోలో అన్నిటికన్నా పై మెట్టైన యొకొజునా హోదా అందుకున్న మల్లుడు తకనొసాతోని 'ఒషిన్ యొకొజునా' అని పిలుచుకున్నారు. కొండంత మనిషికి ఏడేళ్ల ఆడపిల్ల పేరు! పేదరికం, జబ్బు, మొండితనం, అన్నం ముందు నిగ్రహం, ఇవన్నీ కలిపి చెప్పడానికి ఆ ఏడు జపాన్‌కి వేరే మాట తోచలేదు.

కోపాలూ వచ్చాయి. పెళ్లయ్యాక ఒషిన్ సాగాలోని అత్తవారింట పడిన పాట్లు చూసి, మా ఊరి అత్తలు అలాంటివాళ్లు కాదని సాగా జనం మండిపడ్డారు. ఆ కోపం కూడా నాకు ముద్దుగానే అనిపిస్తుంది. కట్టుకథలోని అత్త కోసం ఒక జిల్లా జిల్లా నొచ్చుకుందంటే, ఆ అత్త వాళ్లకి పక్కింటి మనిషి అయిపోయిందన్నమాట.

సముద్రాలు దాటిన తెప్ప అది. అరవైకి పైగా దేశాల రేవుల్లో ఆగింది. ఇరాన్‌లో అది యుద్ధకాలం. కూపన్ చేతపట్టుకుని వరసల్లో నిలబడి తెచ్చుకున్న తిండితో ఇల్లు నడుపుకునే ఆడవాళ్లు, రాత్రి ఒషిన్ ముందు కూర్చున్నారు. ఆమె అత్తింటి పేరు తనొకురా. పాతబట్టలకీ, అవి అమ్మే అంగడికీ పారశీకంలో ఆ పేరే స్థిరపడిపోయింది, తనకురా అని. 1989లో టెహ్రాన్ రేడియోలో ఒక స్త్రీ, ఈ కాలంలో నాకు ఆదర్శం ఒషిన్ అంది. ఆ మాట ప్రసారం చేసినవాళ్లకి శిక్షలు పడ్డాయి, తర్వాత క్షమాపణా దొరికింది. ఆ మాటలో ధిక్కారం ఉందో లేదో తేల్చే పని నాది కాదు. ఒక యుద్ధం ముగిసిన అలసటలో, పొయ్యి పక్కన నిలబడ్డ మనిషి తన పక్కన నిలబడ్డ మరో మనిషిని చూపించి చెప్పిన మాటగా నాకు వినిపిస్తుంది.

వియత్నాంలోనైతే ఇంకా లోతుకి దిగింది. తొంభైల్లో అక్కడ ఈ కథ వచ్చాక, ఇళ్లలో పనిచేసే అమ్మాయిని ఒ-సిన్ అనడం మొదలుపెట్టారు. ఇప్పటికీ అంటారు. పల్లె వదిలి పట్నం వచ్చి, తన ఇంటి అన్నం కోసం పరాయి ఇంట్లో అన్నం వండే పిల్లలందరికీ అదే పేరు. ఆ మాట కొన్ని నోళ్లలో చులకనగా వస్తుందని తెలిసినప్పుడు మనసు చివుక్కుమంది. అయినా ఆ పేరు పెట్టిన తొలి నోటికి మాత్రం నా నమస్కారం. పనిమనిషిని చూసి, ఈమె వెనక ఒక తెప్ప ఉంది, ఒక గట్టుంది, గట్టున ఒక తల్లి ఉంది అని అనుకున్న నోరది.

ఇదంతా ఏడుపు కథ అన్నవాళ్లున్నారు. ఆడదానికి ఓర్పు నూరిపోసే కథ అన్నవాళ్లూ ఉన్నారు. ఈ రెండో మాట దగ్గర నేను ఆగుతాను, ఎందుకంటే కొంతకాలం నేనూ అలాగే అనుకున్నాను. తప్పని తర్వాత తెలిసింది. ఒషిన్ ఎక్కడ ఓర్చుకుని కూర్చుంది? నాయనమ్మ చేతిలో పెట్టిన యాభై సెన్ల వెండి నాణేన్ని దొంగసొమ్మన్నప్పుడు, తను పనికి కుదిరిన కలపవ్యాపారి ఇల్లు వదిలి మంచు తుఫానులోకి నడిచింది. అత్తింట ఊపిరాడనప్పుడు బిడ్డని తీసుకుని బయటపడింది. ఆకలి నేర్పిన విద్యతోనే బతికింది. పూటకూళ్ల అంగడి పెట్టింది, చేపల బండి తోసుకుంటూ ఇంటింటికీ తిరిగింది, ఆఖరికి తిండిసరుకులమ్మే పెద్ద దుకాణాల వరసకి పెద్దదిక్కు అయింది. ఓర్పు కథగా తన కథని జనం చదువుకున్నందుకు హషిదా కూడా బాధపడ్డారు. ఇంత సంపాదించుకుని ఏం వదిలేసి వచ్చాం అన్నది ఆమె ప్రశ్న. ఒషిన్ పేరులోని షిన్ అనే ఒక్క ధ్వనిలో ఆ భాషలో నమ్మకం ఉంది, మనసుంది, నిజముంది, మూలంలో ఉండే గట్టిదనముంది. ఓర్పు వాటిలో ఒకటి, అంతే.

అందుకే కథ మొదలయ్యేది మంచులో కాదు, దీపాల వెలుగులో. 1983, పదిహేడో దుకాణం తెరుస్తున్న రోజు. ఇంట్లోవాళ్లంతా కొత్త బట్టల్లో ఉన్నారు. అరల నిండా అన్నం, చేపలు, కూరలు. ఎనభై దాటిన ఒషిన్ మాత్రం ఎవరికీ చెప్పకుండా రైలెక్కి వెళ్లిపోయింది. ఒకప్పుడు తన తల్లి పనిచేసిన గింజాన్ వేడినీటి బుగ్గల ఊరికి, మంచులోకి. ఆమెని వెతుక్కుంటూ వచ్చిన మనవడు కేయ్‌కి ఆమెతో రక్తసంబంధం లేదు. ఒషిన్ సాకిన, స్నేహితురాలి కొడుకుకి పుట్టినవాడు. కుటుంబమంటే ఏమిటని ఈ కథని అడిగితే, అది చెప్పే జవాబు ఇలాగే ఉంటుంది. యమగతా నుంచి దళారి పనికి తెచ్చిన హత్సుకో అనే పిల్లని చూసి, ఒషిన్ ఆమెని పనిపిల్లగా ఉంచుకోలేకపోయింది. కూతుర్ని చేసుకుంది. ఒక కుండలోంచి తిన్నవాళ్లు ఒక ఇంటివాళ్లు, ఆమెకి తెలిసిన చుట్టరికమంతా అది.

హషిదా సుగాకో 95 ఏళ్లు బతికి 2021లో కన్నుమూశారు. ఆ రోజు ఏప్రిల్ 4. ఒషిన్ తొలిసారి తెర మీదికొచ్చిన తేదీ. యుద్ధం ముగిసిన రోజుల్లో యమగతాకి వెళ్లి, చిన్నప్పుడు తెప్ప మీద పనికి పోయిన ఆడపిల్లల ముచ్చట్లు విన్నావిడ. విన్నది దాదాపు నలభై ఏళ్లు కడుపులో దాచుకుని వండిపెట్టింది.

మాకూ 1983 గుర్తే. సర్కారు కిలో బియ్యం రెండు రూపాయలకే ఇస్తామన్న ఏడాది. దానికి ముందు అనంతపురం పల్లెలో మా అమ్మమ్మ ఇంట్లో వరన్నమంటే పండగ. మామూలు రోజుల్లో సంగటి, కొర్రన్నం. పండగనాడు కూడా వరన్నం మొగవాళ్లకీ పిల్లలకీ సరిపోయేది. అమ్మమ్మ నాకు సంగటే ఇష్టం అనేది. ఆమె పోయేదాకా మేమది నిజమనే నమ్మాం. సంగటి ఎక్కువా వరన్నం తక్కువా అని నేననను, ఈనాడు సంగటి కోసం మేమే వెతుక్కుంటున్నాం. అమ్మమ్మకి ఏది నిజంగా ఇష్టమో అడగకపోవడమే నన్ను తొలుస్తోంది. ఒషిన్ వాళ్ల నాయనమ్మ మూలకి జరిగి కూర్చున్నప్పుడు నాకు తెరమీద కనబడింది ఆమె కాదు.

పోయిన చలికాలంలో ఒక మధ్యాహ్నం నిన్ను వండాను, ముల్లంగి అన్నమా. గిద్దెడు బియ్యం, రెండు పెద్ద ముల్లంగి గడ్డలు. గింజంత సన్నగా తరగబోతే ముప్పావుగంట పట్టింది, వేళ్లు మొద్దుబారాయి. చన్నీళ్లలో చేతులు పెట్టి ఇంటిల్లిపాదికీ రోజూ తరిగినవాళ్ల లెక్క నాకు అందలేదు. ఉడుకుతుంటే ఇల్లంతా ఘాటు. కాస్త ఉప్పు వేశాను, ఇంకేమీ వేయలేదు.

అమ్మ హాల్లోంచి వచ్చి మూత తీసి చూసింది.

"ఏం కూర ఇది?"

"కూర కాదమ్మా. అన్నం."

పళ్లెంలో పెట్టిచ్చాను. రెండు ముద్దలు తింది. మూడోది చేతిలో ఉండగానే ఆగి, గిన్నె వైపు మెడ సాచి చూసింది.

"నీకుందా?" అంది.