జెఫ్రీ గోళ్ళు, పేరులేని పిల్లి గోళ్ళు

పిల్లి మీద రాసేవాళ్ళు ఎక్కువగా దాని కళ్ళ గురించి రాస్తారు. చీకట్లో మెరిసే కళ్ళు, ఎండకి సన్నటి గీతగా మారే కనుపాపలు, ఆ చూపులో ఏదో రహస్యం. పిల్లిని ఇంట్లో పెంచుకునేవాళ్ళకి మాత్రం రోజూ తగిలేది గోరు. సోఫా అంచున లేచిన దారాలు, దుప్పటికి పడ్డ చిల్లులు, చీర కుచ్చిళ్ళలో చిక్కుకుపోయి గింజుకునే పంజా, ముంజేతి మీద సన్నటి ఎర్ర గీత. అందుకే పిల్లి మీద గొప్ప రచన అని ఎవరైనా దేన్నయినా చేతికిస్తే, ఈ రచయిత గోళ్ళు చూశాడా అని ముందు వెతుకుతాను. ఆ గీటురాయి మీద ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూడాలని ఈ వ్యాసం. ఒకరు పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు కవి క్రిస్టఫర్ స్మార్ట్. మరొకరు జపాన్ నవలాకారుడు నట్సుమే సోసెకి.

స్మార్ట్ 1722లో పుట్టాడు. కేంబ్రిడ్జిలో చదువుకుని, కవిత్వానికి బహుమతులు తెచ్చుకుని, లండన్ చేరి పత్రికలకి రాస్తూ బతికాడు. నడివీధిలో మోకరిల్లి ప్రార్థన మొదలుపెట్టడం, తనతోపాటు ప్రార్థించమని ఎదురైనవాళ్ళని పట్టుబట్టడం అతని జబ్బుగా జనం చెప్పుకున్నారు. 1757లో ఆసుపత్రిలో పెట్టారు. 1759 నుంచి 1763 దాకా బెత్నల్ గ్రీన్‌లో ఒక ప్రైవేటు పిచ్చాసుపత్రిలో ఉంచారు. అక్కడ అతనికి తోడు జెఫ్రీ అనే పిల్లి. అక్కడే ‘జుబిలాటే ఆగ్నో’ అనే పొడవాటి స్తోత్రం రాశాడు. అందులో డెబ్భైకి పైగా పాదాలు ఒక్క జెఫ్రీవే. అప్పులు తీర్చలేక 1771లో స్మార్ట్ జైల్లోనే చనిపోయాడు. ఆ రాతప్రతి 1939 దాకా అచ్చుకాలేదు.

సోసెకి 1867లో పుట్టాడు. ప్రభుత్వ వేతనం మీద 1900 నుంచి 1902 దాకా లండన్‌లో చదివాడు. ఆ ఒంటరితనంలో మనసు బాగా దెబ్బతింది. టోక్యోకి తిరిగొచ్చి యూనివర్సిటీలో ఇంగ్లీషు సాహిత్యం చెబుతుండగా, 1904లో ఒక వీధి పిల్లికూన ఇంట్లోకి వచ్చింది. మరుసటి ఏడాది జనవరిలో ‘హొతొతొగిసు’ పత్రికలో ఆ పిల్లే కథ చెప్పడం మొదలుపెట్టింది. 1906 దాకా సాగి పదకొండు అధ్యాయాల నవల అయింది. ఇంగ్లీషులో దాన్ని ‘ఐ యామ్ ఎ క్యాట్’ అంటారు. ఆ నవల రాయగలిగింది తన నరాల జబ్బు పుణ్యమా అనీ, పిచ్చి పుణ్యమా అనీ సోసెకి తరువాత తన సాహిత్య సిద్ధాంత గ్రంథం ముందుమాటలో రాసుకున్నాడు. ఇద్దరికీ మనసు చెదిరిన రోజుల్లోనే పిల్లి దొరికిందన్న మాట. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు సాహిత్యం మీద ప్రత్యేకంగా పాఠాలు చెప్పిన సోసెకి జెఫ్రీని చదివి ఉండే వీలే లేదు. ఆయన 1916లో పోయాడు, జెఫ్రీ వెలుగు చూసింది ఆ తరువాత ఇరవైమూడేళ్ళకి. కాబట్టి ఇక్కడ ఎవరి ప్రభావం ఎవరి మీదా లేదు.

స్మార్ట్ తన పిల్లి పొద్దున్న చేసే పనులని పది మెట్లుగా చెబుతాడు. ముందు ముంగాళ్ళు శుభ్రంగా ఉన్నాయా అని చూసుకుంటుంది. వెనక కాళ్ళతో తన్ని అక్కడ సర్దుకుంటుంది. ముంగాళ్ళు చాచి ఒళ్ళు విరుచుకుంటుంది. నాలుగోది, కర్ర మీద గోళ్ళు పదును పెట్టుకుంటుంది. ఆ తరువాత ఒళ్ళు నాకి కడుక్కోవడం, దొర్లడం, గస్తీలో అడ్డం రాకుండా పేలు ఏరుకోవడం, స్తంభానికి రుద్దుకోవడం, ఆజ్ఞ కోసం పైకి చూడడం, చివరికి ఆహారం వెతుక్కుంటూ బయల్దేరడం. ఇదంతా దేవుడి పూజలో భాగమని స్మార్ట్ నమ్మకం. పిల్లి ఉన్న ఇంట్లో తెల్లవారుజామున లేచి చూడండి, ఈ క్రమం దాదాపు ఇలాగే కనిపిస్తుంది. ఒళ్ళు విరుచుకున్న వెంటనే గోకడం అనేది ఊహించి రాయగలిగిన విషయం కాదు. రోజూ చూస్తేనే పట్టుబడుతుంది. నిద్ర లేచిన పిల్లి వెన్ను సాగదీసి, అదే ఊపులో దగ్గరున్న కర్రనో, గోనెసంచినో, మన మంచం కోడునో అందుకుంటుంది.

పదును అన్నమాట నిజమే. అయితే కత్తిని సానపట్టినట్టు గోరు అరిగి పదునెక్కదు. పాతబడిన పై పొర ఊడిపోయి, లోపల సిద్ధంగా ఉన్న కొత్త మొన బయటపడుతుంది. స్క్రాచింగ్ పోస్టు కింద ఊడ్చేటప్పుడు పలచగా, వంకీగా, బోలుగా చేతికి తగిలేవి ఆ పొరలే. కొత్తగా పిల్లిని తెచ్చుకున్నవాళ్ళు గోరే ఊడిపోయిందని హడలిపోతారు. మరో సంగతి, గోరు లోపలికి ముడుచుకుని ఉండటానికి పిల్లి శ్రమ పడక్కర్లేదు. సాగే లిగమెంట్లు దాన్ని వాటంతటవే లోపలికి లాగి పట్టుకుంటాయి. బయటికి తీయడానికే కండరం బిగించాలి. జెఫ్రీ ఊరికే ఎవరి మీదా బుసకొట్టదని, కడుపు నిండితే చెరుపు చేయదని, విశ్రాంతిగా ఉన్నప్పటి దాని శాంతి కంటే తియ్యనిది లేదని స్మార్ట్ అంటాడు. పిల్లి శరీర నిర్మాణం తెలిసి చదివితే ఆ మాటలు పొగడ్తగా అనిపించవు. ఆ జంతువుకి శాంతమే సహజ స్థితి అని ఆయన కనిపెట్టాడు.

ఇక్కడ మన సంప్రదాయం గుర్తుకు రాక తప్పదు. మహాభారతం ఉద్యోగపర్వంలో గంగ ఒడ్డున తపస్సు నటించి ఎలుకలని మింగిన పిల్లి కథ ఉంది. ఏడో శతాబ్దపు మహాబలిపురం శిల్పంలో రెండు కాళ్ళ మీద నిలబడి ముంగాళ్ళు పైకెత్తిన పిల్లినీ, దాని చుట్టూ ఎలుకలనీ చూడవచ్చు. దొంగ జపానికి మనం పెట్టుకున్న గుర్తే పిల్లి. స్మార్ట్ దీన్ని పూర్తిగా తిరగేశాడు. కపటికి పిల్లంటే పడదట, తన బండారం బయటపడుతుందని భయమట. ఒక చోట పిల్లి ప్రార్థన మోసం, మరో చోట అదే ప్రార్థన నిఖార్సయినది. ఎలుకతో ఆడుకునే విషయమూ అంతే. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అన్న మన సామెత ఎలుక పక్షాన నిలబడింది. స్మార్ట్ మాత్రం జెఫ్రీ ఎలుకకి ఒక అవకాశం ఇస్తోందనీ, ఆ జాప్యం వల్ల ఏడింటిలో ఒకటి తప్పించుకుంటోందనీ లెక్క చెబుతాడు. నాకు సామెతే ఎక్కువ న్యాయంగా తోస్తుంది. పంజా కింద ఉన్నదాని ఊపిరి స్మార్ట్‌కి వినపడలేదు. అతని ప్రేమకి ఉన్న హద్దు అది. అయినా అవి గోళ్ళున్న పిల్లి పాదాలే. జెఫ్రీని ముద్దుచేసి బొమ్మగా మార్చలేదు.

సోసెకి పద్ధతి వేరు. ఆయన పిల్లి లోపలికి దూరి మాట్లాడాడు. ఆ పిల్లికి పేరు లేదు, మాటల్లో రాజసం ఉంది. యజమాని అజీర్తి, అతని స్నేహితుల గొప్పలు, పొరుగింటి డబ్బున్నవాళ్ళ పొగరు అన్నీ దాని నోటి నుంచే వింటాం. పేజీలకి పేజీలు అది పిల్లి అన్న సంగతే మరచిపోతాం. గ్రీకు తత్త్వవేత్తల గురించి మాట్లాడే ఆ గొంతు చదువుకున్న మనిషిది. నవల గొప్పతనంలో ఇదొక భాగమే, కాదనను. కానీ పిల్లి కోసం చదివేవాళ్ళకి అక్కడ వెలితి తగులుతుంది.

ఏడో అధ్యాయంలో ఆ వెలితి పోతుంది. పిల్లి తన వ్యాయామాలు వర్ణిస్తుంది. గొల్లభామని వేటాడటం, చెట్టెక్కి ఇలకోళ్ళని పట్టడం, తరువాత పైన్ చెట్టు ఎక్కి జారడం. ఎక్కడం తేలికట, దిగడమే కష్టమట. 1184 నాటి యుద్ధంలో జపాన్ సేనాని యోషిత్సునే నిటారు కొండ మీద నుంచి గుర్రాలని తలకిందులుగా దూకించాడు కదా, పిల్లి కూడా అలాగే దిగొచ్చు అనుకునేవాళ్ళకి అది జవాబు చెబుతుంది. గోళ్ళన్నీ వెనక్కి వంగి ఉంటాయి. కొక్కెంలా తగిలించి దగ్గరికి లాక్కోగలవు గానీ ఎదురు తన్ని ఆపలేవు. తల కిందికి పెట్టి దిగితే పడిపోవడమే. అందుకని తల పైకి, తోక కిందికి పెట్టి జారాలి. ఇది అక్షరాలా నిజం. చెట్టు మీద చిక్కుకుని పిల్లి గంటలతరబడి అరిచేది ఇందుకే. మన ఈశాన్య అడవుల్లో ఉండే మేఘచిరుత తల కిందికి పెట్టి దిగగలదు, దాని చీలమండ అలా తిరుగుతుంది. పెంపుడు పిల్లికి ఆ వీలు లేదు. గోళ్ళ వంపు గురించి చెప్పిన ఆ కొద్ది వాక్యాల్లో సోసెకి పిల్లి మనిషి గొంతు వదిలేసి తన ఒంట్లోకి తాను తిరిగి వస్తుంది.

ఆయన ఇంట్లో అసలు పిల్లి నిలబడిందీ గోళ్ళ వల్లనే. భార్య క్యోకో జ్ఞాపకాల్లో ఆ సంగతి ఉంది. ఆమె ఆ కూనని మళ్ళీ మళ్ళీ బయట పడేసేది. ఒళ్ళు పట్టడానికి వచ్చే ఒక ముసలావిడ దాన్ని చూసి, కాలిగోళ్ళ దాకా నల్లగా ఉన్న ఈ పిల్లి అరుదైన అదృష్టం, ఉంచుకుంటే ఇల్లు కలిసొస్తుంది అని చెప్పింది. ఆ రోజు నుంచి దానికి ఆదరణ మొదలైంది.

నల్లగోళ్ళ పిల్లి ఉన్నవాళ్ళకి ఈ కథ మరోలా అందుతుంది. మా ఇంట్లో ఒకటి తెల్లగోళ్ళది, ఒకటి నల్లగోళ్ళది. తెల్లదానికి గోళ్ళు తీయడం సులువు. నిద్రమత్తులో ఉన్నప్పుడు ఒళ్ళో పెట్టుకుని, వేలిని పైనా కిందా మెల్లగా నొక్కితే గోరు ముందుకొస్తుంది. వెలుతురుకి పట్టి చూస్తే లోపల గులాబీరంగు కనిపిస్తుంది. రక్తనాళం, నరం ఉండేది అక్కడే. దానికి ఇవతల, పారదర్శకంగా ఉన్న మొన మాత్రమే కత్తిరించాలి. నల్లగోరులో ఆ రంగు కనిపించదు. వంకీ తిరిగిన చివర కొంచెమే తీసి ఆగిపోవాలి. ముందు కాళ్ళకి ఐదేసి, వెనక కాళ్ళకి నాలుగేసి, మొత్తం పద్దెనిమిది. ముంగాలి లోపలివైపు కాస్త ఎత్తులో ఉండే ఐదో గోరుని చాలామంది వదిలేస్తారు. అది నేలకి తగలదు, సరిగా అరగదు, ముసలి పిల్లుల్లో వంకరపోయి మెత్తలోకే గుచ్చుకుంటుంది. పొరపాటున రక్తం వస్తే కాస్త మొక్కజొన్న పిండి అద్ది నొక్కి పట్టుకుంటే ఆగుతుంది. అన్నీ ఒక్క కూర్చోవడంలో అయిపోవాలని లేదు. పిల్లి చెయ్యి వెనక్కి లాక్కుంటే ఆ పూటకి వదిలేయడమే మంచిది.

మొన తీయడం వేరు, గోళ్ళే లేకుండా చేయడం వేరు. అమెరికాలో సోఫాలు పాడవుతున్నాయని పిల్లి గోళ్ళు ఆపరేషన్‌తో తీసేయించడం చాలాకాలం మామూలుగా సాగింది. దాంట్లో పోయేది గోరొక్కటే కాదు, ప్రతి వేలి చివరి ఎముకా పోతుంది. అక్కడి రాష్ట్రాల్లో మొట్టమొదట న్యూయార్క్ 2019లో దాన్ని నిషేధించింది. స్మార్ట్ దేశంలో 2006 నాటి జంతు సంక్షేమ చట్టం దాన్ని నేరం చేసింది. జెఫ్రీ పది మెట్లలో నాలుగోది లాగేస్తే మిగిలిన తొమ్మిదీ కుంటుతాయి. గోళ్ళు పూర్తిగా తీయించినవాళ్ళు తమ ఇంట్లో ఉన్నది పిల్లి అని మరచిపోయారని నేను గట్టిగా నమ్ముతాను.

సోసెకి నవల చివరికి వద్దాం. అతిథులు వదిలేసిన బీరు తాగి, తూలి, పిల్లి నీళ్ళ తొట్టిలో పడుతుంది. దాని కాలు మూడు అంగుళాలైనా లేదు, తొట్టి అంచు నీటికి ఐదు అంగుళాలకి పైన ఉంది. ఎంత చాచినా గోరు అంచుకి అందదు. తొట్టి గోడ మీద బరబరా గీరడం తప్ప ఫలితం లేదు. గీరినంతసేపు తేలుతుంది, ఆగితే మునుగుతుంది. చివరికి ఇక గీరనని నిర్ణయించుకుంటుంది.

ఇదే సందర్భంలో స్మార్ట్ సమకాలికుడు థామస్ గ్రే పద్యం కూడా చూడాలి. స్నేహితుడు హొరేస్ వాల్‌పోల్ పిల్లి బంగారు చేపల జాడీలో పడి చచ్చిపోతే గ్రే 1747లో రాశాడు. అక్కడా పిల్లి పంజా చాస్తుంది, చేప కోసం. గ్రే దాన్ని ఆశపోతుతనంగా చూపించి, ఆడవాళ్ళకి నీతి చెప్పి ముగిస్తాడు. సోసెకి పిల్లి గోరు చాచింది బతకడానికి. ఎవరికీ బుద్ధి చెప్పకుండా, అంగుళాల లెక్క చెప్పి, ఆయన ఆ పిల్లిని దాని గోళ్ళ పొడవు దగ్గరే వదిలేశాడు. గ్రే పద్యం ఎంత నగిషీగా ఉన్నా ఈ పేజీ ముందు నిలవదు. స్మార్ట్ పాదాల్లో కూడా ఇంత భయం పుట్టించేది లేదు. జెఫ్రీ గొంతుని ఎలుక కరిచిందని ఒకచోట బాధపడతాడు గానీ, వెంటనే దేవుడిని తలుచుకుని తేరుకుంటాడు.

ఏడో అధ్యాయం, చివరి పేజీలు పక్కన పెడితే, పిల్లిని పిల్లిగా చూడటంలో స్మార్ట్‌దే పైచేయి అని నా తీర్పు. అతను తన మాటలు దాని నోట్లో పెట్టలేదు. ఎదురుగా కూర్చుని, అది ఏం చేస్తే అది రాశాడు. సోసెకికి మనుషుల మీద కసి ఎక్కువ, దాన్ని మోయించడానికి పిల్లి కావలసి వచ్చింది. అయితే అసలు పిల్లి 1908 సెప్టెంబరులో చనిపోయాక ఆయన స్నేహితులకి మరణవార్త కార్డులు పంపాడు. మరుసటి ఏడాది ‘పిల్లి సమాధి’ అని చిన్న రచన చేశాడు. అందులో పిల్లి మాట్లాడదు. బొచ్చు రాలడం, తిన్నది కక్కుకోవడం, చూపు మందగించడం, ఇంట్లోవాళ్ళు పట్టించుకోకపోవడం, పోయాక భార్య దాని మరణతిథి నాడు చేపముక్కా అన్నమూ పెట్టడం, అంతే ఉంటుంది. స్మార్ట్ పక్కన పెట్టి చదవవలసింది ఆ పెద్ద నవల కంటే ముందు ఈ కొద్ది పేజీలని.