డబ్బా విప్పితేనే విద్య

అంబాసిడర్ కారు పొడవు 4,325 మిల్లీమీటర్లు. 24వ వంతుకు దించితే 180, 43వ వంతుకు దించితే 100, 64వ వంతుకైతే 67 పైచిలుకు. ఈ భాగహారం బడిపిల్లలూ చేస్తారు. అసలు చిక్కు ఆ తరవాత ఉంది. నిజం కారులో తలుపుకీ మడ్‌గార్డుకీ నడుమ నాలుగు మిల్లీమీటర్ల సందు ఉంటే, 24వ వంతు కారులో అది మిల్లీమీటరులో ఆరో వంతు. అంత సన్నటి గీత తీసి, దాని మీద ప్రైమరు, రంగు, మెరుగుపూత మూడూ పడ్డాక కూడా పూడిపోకుండా చూడాలి. చక్రం ఒకటిన్నర మిల్లీమీటరు పెరిగిందా, హుందాగా కూర్చోవలసిన అంబాసిడర్ మడమలెత్తి నిలబడినట్టు కనిపిస్తుంది. పైకప్పు వంపు కాస్త చదునైతే అది అంబాసిడరే కాదు. ఏళ్ల తరబడి రోడ్డు మీద చూసిన ఆకారం గనుక, తప్పు ఎక్కడుందో చెప్పలేకపోయినా ఉందని మన కన్ను పట్టేస్తుంది. ఇంత నిక్కచ్చి పనిని పట్టుకుని ‘పిల్లల బొమ్మలు’ అనడం అన్యాయం. ఇంకో అన్యాయం ఈ హాబీలో ఉన్నవాళ్లే చేస్తున్నారు: కారును డబ్బాలోంచి తియ్యకుండా గోడకు వేలాడదీసి దాన్నే హాబీ అనుకోవడం. స్కేల్ మోడల్‌కు విలువ కొన్నందువల్ల రాదు. విప్పి, గీకి, కోసి, అతికి, మన బండిగా మార్చుకున్నప్పుడు వస్తుంది. నిర్మల్ కొయ్యబొమ్మలు పుట్టిన పాత ఆదిలాబాద్ జిల్లాలో, మంచిర్యాల వైపు వాళ్లకు ఈ మాట విడమరచి చెప్పే అవసరం రాకూడదు. కానీ వచ్చింది.

చరిత్రను రెండు ముక్కల్లో ముగించవచ్చు. ఇంగ్లండులో రైలు బొమ్మల పక్కన నిలబెట్టడానికి పోతపోసిన చిన్న బండ్లకు 1934లో డింకీ అనే పేరు వచ్చింది. 43వ వంతు కొలత ఆ రైళ్ల కొలత నుంచి దిగిందే. 1953లో లెస్నీ కంపెనీ ఎలిజబెత్ రాణి పట్టాభిషేక రథాన్ని చిన్నదిగా చేసి పది లక్షలకు పైగా అమ్మింది. ఆ ఊపులోనే మ్యాచ్‌బాక్స్ కార్లు వచ్చాయి. 1968లో మ్యాటెల్ వారి హాట్ వీల్స్. డింకీ పాత అచ్చులు కొన్ని కలకత్తా చేరి ‘నిక్కీ’ పేరుతోను, మ్యాచ్‌బాక్స్ అచ్చులు కొన్ని ‘మ్యాక్స్‌వెల్’ పేరుతోను మన దేశంలో మళ్లీ పోతకు వచ్చాయి. అరిగిన అచ్చులు కదా, అంచులు మొద్దుబారే ఉండేవి. అయినా వాటిని వెతుక్కునేవాళ్లు ఇప్పుడు దేశదేశాల్లో ఉన్నారు.

ఇదంతా వ్యాపారం కథ. పనితనం కథ వేరు. ఆంగ్లేయుడు జెరాల్డ్ వింగ్రోవ్ కిట్టు ఏదీ లేకుండా, లోహపు రేకూ తీగా తీసుకుని 15వ వంతులో డ్యూసెన్‌బర్గ్ కార్లను కట్టాడు. తీగచక్రాల్లో ఒక్కొక్క తీగా నడిమి గుబ్బ నుంచి అంచు దాకా తన కోణంలో తాను సాగాలి. ఒక్కటి బిగుసుకుంటే చక్రమంతా వంకరపోతుంది. అలాంటి చక్రాలు కారుకు నాలుగు, అవికాక స్పేర్లు. ఆ కిటుకులను గుట్టుగా దాచుకోకుండా పుస్తకాలు రాసి పంచాడు, అది ఇంకా గొప్ప. జపాన్‌లో టమియా వారు పోర్షె 934ను 12వ వంతు కిట్టుగా తేవడానికి ఒక పోర్షె 911ను కొని విడగొట్టి చూసుకున్నారు. ఆ కిట్టు 1976లో వచ్చింది, ఇప్పటికీ దాని పేరు చెబితే కట్టేవాళ్ల కళ్లు మెరుస్తాయి. ఇక ‘ఇది పిల్లలాట’ అనేవాళ్లకు అమెరికా నుంచే జవాబుంది. కార్ల బాడీలు చేసే ఫిషర్ కంపెనీ 1930 నుంచి 1968 దాకా అబ్బాయిలకు మోడల్ పోటీలు నడిపింది. మొదట నెపోలియన్ గుర్రపు బగ్గీ నకలు చెయ్యాలి. తరవాత సొంతంగా ఊహించిన కారును 12వ వంతులో చెయ్యాలి. బహుమతి కాలేజీ చదువుకు డబ్బు. 1947లో గెలిచిన చక్ జోర్డన్ తరవాత జనరల్ మోటార్స్‌లో డిజైన్ విభాగానికే అధిపతి అయ్యాడు. ఆడపిల్లలను ఆ పోటీకి రానివ్వకపోవడం దాని మచ్చ. అది తీసేస్తే, చేతిపనిని నమ్ముకుని పిల్లలను ఇంజినీర్లను చేసిన పథకం అంతకన్నా మంచిది చూపించడం కష్టం.

మార్చికట్టే పనికి ఖరీదైన సామాను అక్కర్లేదు, ఓపిక కావాలి. హాట్ వీల్స్ కారు అడుగున రివిట్ ఉంటుంది. మూడు మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో దాని తల మాత్రమే లేచిపోయేలా తొలవాలి. లోతుకు దిగితే రేపు స్క్రూ పట్టడానికి చోటు మిగలదు. పాత రంగును రిమూవర్‌తో ఊడదీసి, 400 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 2000 దాకా రుద్దుకుంటూ పోవాలి. గుంటలకు లప్పం, ఆపైన ప్రైమరు, అదీ చూపుకు ఆనీ ఆననంత పలచగా. రంగు దగ్గరే చాలామంది బోల్తా పడతారు. నిజం కారుకు వాడే మెటాలిక్ రంగునే చిన్న కారుకు కొడితే ఇసుక చల్లినట్టుంటుంది. బండి 24వ వంతుకు తగ్గింది గాని రంగులోని లోహపు రేణువు తగ్గలేదు కదా. నలుపును నలుపుగా కొట్టినా తప్పే. 24వ వంతు కారును అడుగు దూరం నుంచి చూడటమంటే నిజం కారును ఏడు మీటర్ల అవతల నుంచి చూడటం. అంత దూరంలో నలుపు కాస్త బూడిదకు తిరుగుతుంది. తెలిసిన చెయ్యి నలుపులో చిటికెడు తెలుపు కలుపుతుంది. అద్దాలు అతకడానికి ఫెవిక్విక్ వాడితే దాని ఆవిరికి ప్లాస్టిక్ తెల్లబారిపోతుంది. అక్కడ మామూలు ఫెవికాల్ మేలు, ఆరాక కనిపించదు. కిట్టు ముక్కలను పట్టి ఉంచే ప్లాస్టిక్ పుల్లను కొవ్వొత్తి సెగకు మెత్తబరిచి రెండు చేతులా లాగితే వెంట్రుకంత సన్నని తీగ వస్తుంది, రేడియో ఏంటెన్నాకు అంతకన్నా బాగా నప్పేది ఏ దుకాణంలోనూ లేదు. అన్నిటికన్నా కష్టమైంది పాతదనం. కొత్త కారును మెరిపించడం ఎవరైనా నేర్చుకుంటారు. శ్రీరాంపూర్ ఓపెన్‌కాస్టు నుంచి వచ్చిన టిప్పరును చెయ్యాలంటే బొగ్గు దుమ్ము ఎక్కడ పేరుకుంటుందో, వాన నీళ్లు దాన్ని ఏ దారిన కడుగుతాయో, డ్రైవరు చెయ్యి రోజూ తగిలి తలుపు పిడి దగ్గర రంగు ఎలా పోతుందో గమనించి ఉండాలి. సుద్దముక్క పొడితో ఆ దుమ్మును అద్దవచ్చు. గమనింపును మాత్రం ఏ కంపెనీ డబ్బాలో పెట్టి అమ్మలేదు.

ఇక్కడే నిర్మల్ గుర్తుకు రావాలి. అక్కడి పాలకుడు నిమ్మనాయుడు ఎక్కడి నుంచో నకాషీ కళాకారులను రప్పించి అక్కడ నిలిపాడని చెబుతారు, ఆ సంగతి అంతటితో వదిలేద్దాం. పని సంగతి చూడండి. తేలికైన పొనికి కర్రను ఆరబెట్టి, ముక్కలు వేరువేరుగా చెక్కి, చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో అతికి, అతుకు కనబడకుండా నునుపుచేసి, పూత వేసి రంగులద్దుతారు. ముక్కలుగా చెయ్యడం, అతకడం, సందులు పూడ్చడం, రుద్దడం, పూయడం: మోడల్ కారు కట్టే వరస కూడా ఇదే. ‘నిర్మల్ బొమ్మకు కొలత లేదు, పిట్ట ఒకంత, పండు ఒకంత’ అని ఎవరైనా అనవచ్చు. నిజమే. అయితే జపాన్‌లోని షిజుఓకా ఊరు సంగతి చూడండి. టమియా 1946లో అక్కడ కలప వ్యాపారంగా మొదలైంది, మొదట కొయ్య మోడళ్లు చేసింది, 1960లో గాని ప్లాస్టిక్‌లోకి దిగలేదు. కొయ్యపని తెలిసిన ఆ ఊరే ప్రపంచ ప్లాస్టిక్ మోడళ్లకు రాజధాని అయింది. స్కేలు, వెర్నియర్ కాలిపర్ పట్టడం కొన్ని నెలల్లో నేర్పవచ్చు. చెక్కే చేతిని కొన్ని నెలల్లో తయారుచెయ్యలేం. ఆ చెయ్యి ఉన్న నిర్మల్‌ను మనం ఏం చేశాం? పొనికి కర్ర దొరక్క కళాకారులు అల్లాడుతుంటే చూస్తూ ఊరుకున్నాం. పెళ్లికి, సన్మానానికి ఇచ్చే జ్ఞాపికగా మాత్రం వాడుకున్నాం. భౌగోళిక గుర్తింపు వచ్చిందని చప్పట్లు కొట్టాం. కొత్త పని ఒక్కటీ చేతికివ్వలేదు.

కొత్త పనికి కొదవా? బెల్లంపల్లి చౌరస్తాలో గంట నిలబడితే చెయ్యదగ్గ బండ్లు జీవితానికి సరిపడా కనిపిస్తాయి. సింగరేణి వంద టన్నుల డంపరు టైరే మనిషి కన్నా ఎత్తు. గని యంత్రాలకు ప్రపంచమంతా పాటించే 50వ వంతులో చేస్తే అది అయిదు సెంటీమీటర్లు దాటుతుంది. ఇక మన ఆర్టీసీ. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో మొదలుపెట్టిన రవాణా సంస్థ అది. బస్సుల నంబరులో వచ్చే జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరులోదని చెప్పుకుంటారు. కారణం ఏదైనా, ఆ అక్షరం లేని ఆర్టీసీ మోడల్ తప్పుడు మోడల్. 2019 నాటి బస్సు చేసి దానికి 2024లో వచ్చిన టీజీ పలక తగిలించినా తప్పే. పన్నెండు మీటర్ల బస్సు 24వ వంతులో అర మీటరు అవుతుంది. సన్‌బోర్డు కోసి అలాంటి బస్సులు కట్టే కుర్రాళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. కిటికీ కడ్డీలూ నిచ్చెనా గమ్యం బోర్డూ చేత్తో చేసే వాళ్ల ముందు, వెయ్యి డబ్బాలు పేర్చుకున్నవాళ్లు తల వంచాలి. విదేశీ కంపెనీల జాబితా ఎంత తిరగేసినా మన పల్లెవెలుగు బస్సు దొరకదు. హైదరాబాద్ బహదూర్‌పురాలో తుక్కు సామానుతో వంకాయ కారు, క్రికెట్ బంతి కారు చేసి నడిపించిన సుధాకర్ కూడా ఈ కులస్థుడే. కొలత తగ్గించే బదులు పెంచి, 2005లో 41 అడుగులు దాటిన మూడు చక్రాల సైకిలుతో గిన్నిస్‌కెక్కాడు. ఉన్నదాన్ని విప్పి లేనిదాన్ని కట్టడమే ఆ కుర్రాళ్ల పనీ, ఆయన పనీ.

డబ్బా విప్పితే ధర పడిపోతుందని సేకర్తలు అంటారు. పడుతుంది, కాదనను. కానీ ఆ ధర ఎవరి పనికి? అచ్చు పోసినవాడి పనికి, పైగా కొరత పుట్టించడానికి దుకాణంలో సరుకంతా ఊడ్చుకుపోయి రెట్టింపుకు అమ్మేవాడి తెలివికి. కట్టినవాడి పనికి మాత్రం కాదు. త్రీడీ ప్రింటరు వచ్చాక చేతిపని ఎందుకని ఇంకొందరంటారు. ప్రింటరు మంచి పనిముట్టే. అయితే అందులోంచి వచ్చిన ముక్క మీద పొరలు పొరలుగా గీతలుంటాయి, వాటిని రుద్ది నునుపు చెయ్యాల్సింది మళ్లీ చెయ్యే. ఇక నకిలీలు! బజారులో ప్యాకెట్ మీద 1:32 అని దర్జాగా అచ్చేసి ఉంటుంది. లోపల కారూ బస్సూ ఒకే పొడవు. అది స్కేలు కాదు, డబ్బా కొలత. పేరున్న కంపెనీల చవక వరసల్లోనూ ఈ రోగం ఉంది. డబ్బాలో పట్టడమే అచ్చుకు ముఖ్యం, బండి నిష్పత్తి ఏమైనా పరవాలేదు. బొమ్మగా అమ్మితే తప్పు పట్టేవాళ్లు లేరు. కొలత అచ్చేసి అమ్మడం మోసం. ఇలాంటివి చూసి పెరిగిన పిల్లవాడి కంటికి నిష్పత్తి ఎలా తెలుస్తుంది? మంచి కిట్టు తెప్పించుకుందామంటే, పిల్లల ఆటబొమ్మనూ పెద్దల స్కేల్ మోడల్‌నూ కస్టమ్స్ ఒకే పద్దులో పెట్టింది. ఆ పద్దు మీద సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెరిగింది. దేశీయ బొమ్మల పరిశ్రమను కాపాడాలనే ఉద్దేశం సరైనదే. కాపాడిన చోట మన కిట్టు పుట్టాలి కదా? సుంకం పెంచినంత చురుగ్గా నిర్మల్‌కు పొనికి మొక్కలు పెంచి ఇచ్చి ఉంటే ఇంత మాట అనే పని ఉండేది కాదు.

కాబట్టి అడగాల్సినవాళ్లను అడుగుదాం. నిర్మల్ కళాకారుల సంఘం పక్షులతో పాటు ఒక్క పల్లెవెలుగునూ ఒక్క బొగ్గు టిప్పరునూ కొలత ప్రకారం చేయించి చూడాలి. ఐటీఐల్లో ఫిట్టరు పిల్లలకు ఏడాదికో మోడల్ పోటీ పెట్టాలి, ఈసారి ఆడపిల్లలతో సహా. సింగరేణి, ఆర్టీసీ తమ పాత బండ్ల డ్రాయింగులు అడిగినవాళ్లకు ఇవ్వాలి. అవి వచ్చేదాకా పాఠకులు చెయ్యగల పని ఒకటుంది. మీ ఊరి డిపోలో తుక్కుకు పోబోయే బస్సు ఉంటే, అనుమతి అడిగి, టేపు పట్టుకుని వెళ్లండి. చక్రాల నడిమి దూరం, కిటికీల లెక్క, మెట్టు ఎత్తు, తలుపు వెడల్పు, రంగు పట్టీల మందం రాసుకుని ఫోటోలు తీసి పెట్టండి. బండి వేలానికి పోయాక ఈ కొలతలు ఇచ్చేవాళ్లు ఉండరు.