మైకు తర్వాతి మజిలీలు

కొత్తగా స్టూడియో పెట్టుకునేవాళ్లు మైకు కోసం అప్పు చేయడానికైనా వెనకాడరు. ప్రీయాంపు దగ్గరికొచ్చేసరికి మాత్రం అనుమానం మొదలవుతుంది. శబ్దాన్ని పెద్దది చేసే పెట్టెకు లక్షలు పోయాలా?

జవాబు ముందు మైకులో వెతకాలి. షూర్ ఎస్‌ఎం7బి లాంటి డైనమిక్ మైకు, దగ్గరగా గొంతెత్తి పాడితే ఇచ్చేది మిల్లీవోల్టు పైచిలుకు, అంతే. స్టూడియో పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ప్రమాణ స్థాయి 1.23 వోల్టులు. అంటే సుమారు 60 డెసిబెల్స్ గెయిన్ కావాలి. అదే గొంతుకు న్యూమన్ యు87 ఏకంగా 28 మిల్లీవోల్టులు ఇస్తుంది కాబట్టి దానికి 33 డెసిబెల్స్ చాలు. మొదటి మైకుతో మెల్లగా పాడే గాయని వస్తే ప్రీయాంపు సొంత రొద బయటపడుతుంది. రెండో మైకుతో ఆ బాధ దాదాపు ఉండదు. మైఖేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ (1982) పాటలకు ఇంజినీర్ బ్రూస్ స్విడియన్ వాడింది ఎస్‌ఎం7నే. ఆ మైకును చూసి మోజుపడి కొనేవాళ్లు దాని వెనక ఎంత గెయిన్ కావాలో కూడా లెక్క చూసుకోవాలి.

రొద విషయంలో ఇవాళ మంచి చౌక ఆడియో ఇంటర్‌ఫేసుల్లోని ప్రీయాంపులు కూడా భౌతికశాస్త్రం అనుమతించే హద్దుకు నాలుగైదు డెసిబెల్స్ దూరంలోనే ఉన్నాయి. మరి ఖరీదైన పెట్టె ఇచ్చేదేమిటి? రంగు. రూపర్ట్ నీవ్ కంపెనీ 1970లో తెచ్చిన 1073 ప్రీయాంపులో సిగ్నల్ లోపలికి వచ్చేటప్పుడూ బయటికి పోయేటప్పుడూ ట్రాన్స్‌ఫార్మర్ గుండా పోతుంది. ఎర్ర గెయిన్ నాబ్‌ను పైకి తిప్పి, తర్వాత వచ్చే ఫేడరును కిందికి లాగితే ఇనుమూ ట్రాన్సిస్టర్లూ కాస్త ఒత్తిడికి లోనై, గొంతుకు చిక్కదనం వస్తుంది. గెయిన్ తక్కువలో పెట్టి జాగ్రత్తగా రికార్డు చేస్తే, 1073కీ మంచి ఇంటర్‌ఫేసుకీ తేడా చెవికి ఆనడం కష్టం. లక్షలు పోసి కొన్నవాళ్లకు ఈ మాట రుచించదు.

1073లోనే ఉన్న, అడుగు శబ్దాలను కోసే హైపాస్ ఫిల్టరుకు రావలసినంత పేరు రాలేదు. 50, 80, 160, 300 హెర్ట్జ్ అని నాలుగు మెట్లు. మగ గొంతుకు 80 దగ్గర కోత పెడితే ఏసీ గుర్రు, స్టాండు అదురు చాలావరకు తగ్గుతాయి. ఆడ గొంతుకు 160 పెట్టేవాళ్లున్నారు, కానీ మంద్రస్థాయిలో నడిచే పాటైతే అది ప్రమాదం.

తర్వాతి మజిలీ, గొంతు హెచ్చుతగ్గులను సర్దే కంప్రెసర్. బిల్ పట్నమ్ 1967లో రూపొందించిన 1176 మెరుపులా పట్టుకుంటుంది, దాని అటాక్ సెకనులో పది లక్షల వంతుల్లో 20 దాకా దిగుతుంది. టెలిట్రానిక్స్ ఎల్‌ఏ-2ఎ నెమ్మది మనిషి. లోపల పాట తీవ్రతను బట్టి ఒక పలక వెలుగుతుంది, ఆ వెలుగును చూసే కాంతి నిరోధకం స్థాయిని తగ్గిస్తుంది. తగ్గించిన దాన్ని సగం వరకు చప్పున వదిలేస్తుంది, మిగతా సగం వదలడానికి ఒక్కోసారి సెకన్లు పడుతుంది. పాప్ పాటకు ఈ జాప్యమే అందం. కర్ణాటక గాయకుడు తారస్థాయిలో గట్టిగా నిలిచి వెంటనే మంద్రానికి దిగితే మాత్రం, ఆ దిగిన సంగతి సగం మునిగిపోతుంది. అక్కడ మీటరు రెండు మూడు డెసిబెల్స్ మించి కదలకుండా చూడాలి, లేదా కంప్రెసర్‌ను పక్కనపెట్టాలి. మద్రాసులో గాయకుడూ వాద్యబృందమూ ఒకే టేకులో కలిసి వాయించిన కాలంలో ఈ పని సౌండ్ ఇంజినీర్ వేళ్లే చేసేవి. అనుభవమున్న గాయకులు పైకి వెళ్లేటప్పుడు తామే మైకు నుంచి కాస్త తల వెనక్కి తీసేవారు. జాజ్ గాయని డయానా క్రాల్‌ను రికార్డు చేసిన ఇంజినీర్ ఆల్ ష్మిట్ కూడా ఫేడరు మీద వేలితోనే గొంతును సర్దేవాడు. ఈక్వలైజర్ తిప్పడం కన్నా మైకు మార్చడం ఆయనకు ఇష్టంగా ఉండేది.

ఇలాంటి అవుట్‌బోర్డ్ (మిక్సరుకు బయట ఉండే) పరికరాన్ని ఇంతకన్నా సాహసంగా వాడిన ఉదాహరణ డేవిడ్ బోవీ పాట ‘హీరోస్’ (1977). బెర్లిన్‌లోని హాన్సా స్టూడియో పెద్ద హాల్లో నిర్మాత టోనీ విస్కాంటి మూడు మైకులు పెట్టాడు: ఒకటి నోటి దగ్గర, ఒకటి సుమారు 20 అడుగుల దూరంలో, ఇంకొకటి 50 అడుగుల దూరంలో. దూరపు రెండింటికీ గేట్లు తగిలించాడు. బోవీ గొంతు పెంచితేనే అవి తెరుచుకుంటాయి. పాట చివరికి వచ్చేసరికి హాలంతా మోగడానికి కారణం అదే. ఆ ప్రతిధ్వని తర్వాత కలిపింది కాదు, పాడుతున్నప్పుడే టేపులోకి ఎక్కింది.

అంత ధైర్యం చాలని ఇంటి స్టూడియోకు ఒక మధ్యేమార్గం ఉంది. ప్రీయాంపు అవుట్‌పుట్‌ను రెండుగా చీల్చి, ఒకటి కంప్రెసర్ గుండా, ఇంకొకటి నేరుగా రెండు ట్రాకుల్లో నింపుకోవచ్చు. గాయని హెడ్‌ఫోన్లలో వినిపించాల్సింది మాత్రం కంప్రెసర్ ట్రాకే. తన గొంతు సమంగా వినబడితే అరవాల్సిన అవసరం ఆమెకు కలగదు, టేకులూ తగ్గుతాయి.