తొమ్మిదో ఏట ఎవరి దగ్గరికి?

ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లు ఆరు నెలలు తిరక్కుండానే నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "సర్వీసు షోరూమ్‌లోనే చేయించాలా? మన మెకానిక్‌కి ఇస్తే వారంటీ పోతుందా?" 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం వీటికి రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా ఎత్తేశాక మా కాలనీలో ఆకుపచ్చ నంబరు ప్లేట్లు పెరిగాయి, ఈ ప్రశ్నా పెరిగింది. నేనూ ఈ బండి నడిపేవాణ్నే, బానెట్ ఎత్తి చూడనిదే తోచని వాణ్నే కాబట్టి సూటిగా చెబుతాను. హైవోల్టేజ్‌తో సంబంధం ఉన్న ఏ పనీ వారంటీ ఉన్నంతకాలం బయట చేయించకండి. మిగతా పనులకు మీ మెకానిక్‌ని వదులుకోకండి. మొదటి మాట చాలామంది చెబుతారు. రెండోది ఎవరూ చెప్పడం లేదు, నా బాధంతా దాని గురించే.

ముందు సర్వీసు సంగతి చూద్దాం. ఇంజిన్ ఆయిలు, ఆయిల్ ఫిల్టరు, స్పార్క్ ప్లగ్గులు, క్లచ్చు, టైమింగ్ బెల్టు ఈ బండికి లేవు. సర్వీసు సెంటర్లో జరిగేది చాలావరకు తనిఖీయే. స్కానరు పెట్టి ఎర్రర్ కోడ్లు చదువుతారు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వస్తే ఎక్కిస్తారు. కూలెంటు మట్టం చూస్తారు, ఏసీ ఫిల్టరు మారుస్తారు. లిఫ్టు ఎక్కించి బ్యాటరీ పెట్టె అడుగున రాయి తగిలి సొట్ట పడిందా, నారింజ రంగు కేబుళ్ల తొడుగు ఎక్కడైనా చిట్లిందా అని చూస్తారు. బ్రేక్ ఆయిలు మాత్రం రెండేళ్లకోసారి మార్చాలి, బండి తిరిగినా తిరక్కపోయినా అది గాలిలోని తేమను పీల్చుకుంటూనే ఉంటుంది.

బిల్లు పెరిగేది వీటివల్ల కాదు. మొన్న వేసవిలో ఒక సర్వీసు సెంటర్లో అడ్వైజరు నా ఎదుటే ఏసీ డిసిన్‌ఫెక్షన్, ఇంటీరియర్ క్లీనింగ్, అండర్‌బాడీ కోటింగ్ అంచనాలో కలిపేశాడు. వారంటీ పుస్తకం తెరిచి "ఇవి షెడ్యూల్లో ఎక్కడున్నాయి బాబూ?" అని అడిగాను. "షెడ్యూల్లో లేవు సార్, రికమెండెడ్" అన్నాడు. మూడూ కొట్టేయించాను. వారంటీ నిలవాలంటే పుస్తకంలో రాసిన పని, రాసిన గడువులోగా జరగాలి. అందులో లేనిదాన్ని వద్దంటే ఏ నష్టమూ లేదు. అండర్‌బాడీ కోటింగ్ విషయంలోనైతే తొందరపడొద్దు. బ్యాటరీ పెట్టెకు లోపలి గాలి ఒత్తిడి సర్దుకోవడానికి చిన్న వాల్వు ఉంటుంది, దాని మీద ఆ జిగట పదార్థం పడకూడదు.

ఇక బయట చేయించకూడనివి. అందరూ బ్యాటరీ గురించే భయపడతారు గానీ, దాన్ని ఎవరూ వీధి చివర షెడ్డులో విప్పించరు. నా భయం ఏసీ గురించి, అది మనకు మామూలు పనిలా కనిపిస్తుంది కనుక. ఏప్రిల్లో చల్లదనం తగ్గితే దారిలో ఏ షాపు కనిపిస్తే అక్కడ ఆపి గ్యాస్ పట్టించడం మనకు అలవాటు. పెట్రోలు కార్లో ఏసీ కంప్రెసర్ని ఇంజిన్ బెల్టు తిప్పుతుంది. ఎలక్ట్రిక్ కార్లో కంప్రెసర్ లోపలే మోటారు ఉంటుంది. పెద్ద బ్యాటరీ నుంచి వచ్చే మూడు వందల పైచిలుకు వోల్టుల మీద అది తిరుగుతుంది, దాని వైండింగు గ్యాసులోనూ ఆయిల్లోనూ తడుస్తూనే ఉంటుంది. అందుకే ఆ ఆయిలు కరెంటును పారనివ్వనిది అయి ఉండాలి. చాలా కార్లలో పీఓఈ ఆయిల్ వాడేది ఇందుకే. బయటి షాపులోని గ్యాస్ మెషీను పొద్దున్నించీ పెట్రోలు, డీజిలు కార్లకు పనిచేసి ఉంటుంది. వాటి పీఏజీ ఆయిలు దాని గొట్టాల్లో ఎంతో కొంత మిగిలి ఉంటుంది. అది మన బండిలోకి చేరితే ఇన్సులేషన్ బలహీనపడి కరెంటు లీకవుతుంది. బండి ఆ లీకేజీని పసిగట్టిందంటే హైవోల్టేజ్ సర్క్యూటును తెంచేస్తుంది, ఇక అంగుళం కదలదు. గ్యాస్ పట్టిన మనిషి తన పని తను శుభ్రంగానే చేశాడు. కానీ కంప్రెసర్ మార్చాల్సి రావచ్చు, ఆ ఖర్చు కంపెనీ భరించనంటే తప్పుపట్టలేం.

కూలెంటు తగ్గిందని బోరు నీళ్లు పోయడం, డాష్ క్యామ్ కోసమో స్పీకర్ల కోసమో వైర్లు కోసి అతకడం కూడా ఈ కోవలోవే. యాక్సెసరీ పెట్టించాలనుకుంటే కప్లర్ టు కప్లర్ అమరేదే కొనండి.

మరి మెకానిక్‌కి మిగిలిందేమిటి? నా పాత పెట్రోలు బండిని చివరిదాకా కాపాడిన మెకానిక్ కొత్త కారు చుట్టూ ఒకసారి తిరిగి, "దీన్ల నాకేం పనుంది సార్? ఆయిల్ లేదు, ప్లగ్ లేదు" అన్నాడు. పని ఉంది. ఈ కార్లు బరువెక్కువ, యాక్సిలరేటర్ నొక్కగానే పూర్తి లాగుడు అందుతుంది, అందుకని టైర్లు తొందరగా అరుగుతాయి. గాలి, అలైన్‌మెంట్, టైర్ల మార్పిడి అశ్రద్ధ చేయకూడదు. పన్నెండు వోల్టుల చిన్న బ్యాటరీ దిగిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి మేలుకోదు. దాన్ని పరీక్షించడం ఆయనకు కొత్త కాదు.

బ్రేకులది ఇంకో కథ. రీజెన్ (రీజెనరేటివ్ బ్రేకింగ్) వల్ల మోటారే బండిని నెమ్మదింపజేస్తుంది, ప్యాడ్లు అంతగా అరగవు. అరగవు కదా అని ఎవరూ విప్పి చూడరు. వానాకాలం దాటాక ఆయన చేత చక్రం విప్పించాను. జాకీ బ్యాటరీ పెట్టెకు ఆనకూడదనీ, సిల్ కింద గుర్తు ఉన్న చోటే పెట్టాలనీ ముందే చెప్పాను. ఆయన కాలిపర్ పిన్ను బయటికి లాగి వేలితో తుడిచి చూపించాడు. గ్రీజు ఎండి పొరలు కట్టింది, ఒక పక్కన తుప్పు గీత పడింది. ఇంకో వానాకాలం గడిస్తే పిన్ను పట్టేసేది. సర్వీసు సెంటర్ ఇచ్చిన కాగితం మీద మాత్రం "బ్రేకులు ఓకే" అని ఉంది. ఎమెరీ కాగితంతో రుద్ది, కొత్త గ్రీజు రాసి బిగించాడు. బిల్లు రాయించుకుని, ఫొటోలతో సహా ఫైల్లో పెట్టాను.

"మెకానిక్ చెయ్యి పడితే వారంటీ రద్దు" అని కౌంటర్లో ఎవరైనా బెదిరిస్తే 2014 ఆగస్టు 25 నాటి కాంపిటిషన్ కమిషన్ ఉత్తర్వు గుర్తుచేయండి. ఆ రోజు 14 కార్ల కంపెనీలకు కలిపి సుమారు ₹2,544 కోట్ల జరిమానా పడింది. స్పేర్ పార్టులు, స్కానర్లు బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదన్నది ఆరోపణ. బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయకూడదనీ, ఆ రిపేరు వల్ల పాడైన మేరకే నిరాకరించవచ్చనీ కమిషన్ చెప్పింది. కంపెనీలు అప్పీలుకు వెళ్లాయి. రిపేరు హక్కు కోసం కేంద్రం 2022లో పోర్టల్ తెరిచింది, అందులో వాహనాలూ ఉన్నాయి. న్యాయం మన పక్షానే ఉందని నా నమ్మకం. అయినా బండి షెడ్డులో నిలబెట్టి వినియోగదారుల కమిషన్ చుట్టూ తిరగడం ఎంత కష్టమో తెలుసు కాబట్టే హైవోల్టేజ్ పనులు లోపలే చేయించమంటున్నాను.

కానీ వారంటీ ఉండే ఎనిమిదేళ్లూ గడిచాక? 2020లో నెక్సాన్ ఈవీ వచ్చినప్పుడు బ్యాటరీకి, మోటారుకు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇచ్చారు. తరవాత వచ్చిన చాలా కార్లూ దాదాపు ఆ లెక్కే పట్టుకున్నాయి. ఈ ఎనిమిదేళ్లు బండి కొత్తగా ఉంటుంది, పని తక్కువ. అసలు పని పడేది ఆ తరవాత. బ్యాటరీలో ఒక మాడ్యూలు బలహీనపడుతుంది, ఆన్‌బోర్డ్ చార్జరు పోతుంది, కాంటాక్టరు (హైవోల్టేజ్ స్విచ్చు) అంటుకుపోతుంది. మొత్తం ప్యాకు మార్చాలన్న మాట తప్ప ఇంకో దారి లేకపోతే మధ్యతరగతి మనిషి ఆ కారును తుక్కుకు అమ్ముకోవాల్సిందే. ఒక్క మాడ్యూలు మార్చి బతికించగల చెయ్యి ఊళ్లో ఉండాలి. ఎనిమిదేళ్లు ఈ బండిని ముట్టుకోనివ్వకపోతే ఆ చెయ్యి ఎక్కణ్నుంచి వస్తుంది?

చదువు దారి కొంత తెరుచుకుంది. ఐటీఐల్లో మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికల్ కోర్సు ఉంది. తెలంగాణలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది, వాటిలోనూ ఈ కోర్సు పెట్టారు. మా మెకానిక్ దగ్గర పని నేర్చుకునే పదో తరగతి పాసైన కుర్రాడికి దరఖాస్తు పెట్టించాను. అయితే యాభై దాటిన ఆయన రెండేళ్లు బెంచీ మీద కూర్చోలేడు. ఆయనకు కావలసింది వారం పది రోజుల శిక్షణ, వెయ్యి వోల్టులు తట్టుకునే గ్లవ్స్ కొనే స్తోమత, డబ్బు కడితే తెరుచుకునే కంపెనీ సర్వీసు మాన్యువల్. ఈ మూడోది కంపెనీలే ఇవ్వాలి.

మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. సామర్థ్యం ఒక స్థాయి కన్నా తగ్గితే బ్యాటరీ బాగుచేస్తామని వారంటీ పుస్తకమే చెబుతుంది. చాలా కంపెనీలకు ఆ స్థాయి 70 నుంచి 80 శాతం మధ్య ఉంటుంది. అలాంటప్పుడు ఇప్పుడు ఎంతుందో తెలుసుకునే హక్కు యజమానికి ఉంది. అందుకే సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా జాబ్ కార్డులో "బ్యాటరీ ఎస్ఓహెచ్ రిపోర్టు ప్రింటు ఇవ్వాలి" అని రాయిస్తున్నాను. ఎస్ఓహెచ్ అంటే స్టేట్ ఆఫ్ హెల్త్, బ్యాటరీలో మిగిలిన సామర్థ్యం. ఒకసారి ప్రింటు ఇచ్చారు, ఒకసారి స్క్రీన్ చూసి నోటితో చెప్పి ఊరుకున్నారు. ఏటేటా వచ్చిన ఆ అంకెలు లేకుండా రేపు ఏ మెకానిక్ అయినా ఆ ప్యాకును గుడ్డిగా విప్పాల్సిందే. మీరూ రాయించండి. కుదరదంటే, కుదరదన్న ముక్కే జాబ్ కార్డు మీద రాసి సంతకం చేసి ఇమ్మనండి.