నూరు పీపాలలో అరువదితొమ్మిదవది

స్కాచ్ విస్కీ కొనువారు మన గోదావరి జిల్లాలలో రెండు తెగలుగా కనబడుచుందురు: పేరు చూచి కొనువారొక తెగ, వెల చూచి కొనువారొక తెగ. సీసా మీది చిన్న అక్షరములను కండ్లజోడు సవరించుకొని చదివి కొనువారు మూడవ తెగగా పరిగణింపదగినంత మంది యుందురని నేననుకొనను. కాని, నెలజీతమో పింఛనో తప్ప వేరాధారము లేక, బ్రాందీ షాపు అద్దాల బీరువాలో పై అరను భక్తితో దర్శించి క్రింది అర వైపు చేయి చాపు గృహస్థునకు, ఈ చదువుటకంటె లాభసాటియైన విద్య మరొకటి లేదు. పై అర సీసా కొనువాడు పొరబడినను రుచిగల పొరబాటే పడును. మన జేబుకు ఆ సౌఖ్యము లేదు.

మొదట చదువవలసినది స్కాచ్ అను మాట. స్కాట్లండువారు ఈ విషయమున మహా శాసనబద్ధులు. 2009 నాటి స్కాచ్ విస్కీ నిబంధనల ప్రకారము, ధాన్యమును నానబెట్టి, పులియబెట్టి, కాచి దింపిన సారము స్కాట్లండు గడ్డ మీదనే, 700 లీటర్లకు మించని ఓకు పీపాలలో, మూడేండ్లకు తక్కువ గాకుండ నిలువయుండవలెను. సీసాకెక్కునప్పటికి నూటికి 40 పాళ్లకు తగ్గని ఆల్కహాలు ఉండవలెను. నీరును, రంగు కొరకు మామూలు క్యారమెలును తప్ప అన్యపదార్థ మేదియు చేరరాదు. కావున ఆ మాట సీసాపై సక్రమముగా నున్నయెడల, లోపలి ద్రవ్య మెంత చవుకదైనను, ఈ కనీసపు మర్యాద దానికి తప్పక కలదు. చవుక స్కాచ్ కొనువాడు చిన్నబుచ్చుకొన నక్కరలేదని నేనెల్లప్పుడును వాదించుటకు ఇదియే ఆధారము.

మన దేశమున విస్కీ యను పేర విక్రయింపబడు సరకులో మిక్కిలి భాగమునకు ఆ మర్యాద లేదు. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట కాలువల నీటితో వరితోపాటు చెరకును వర్ధిల్లిన ఈ డెల్టాలో, సామర్లకోటలోని పారీవారి చక్కెర మిల్లు మొదలుకొని 1947లో తణుకులో వెలసిన ఆంధ్రా షుగర్సు వరకు, చక్కెర తీసిన తరువాత మిగిలిన మడ్డి నుండి ఆల్కహాలు చేయు విద్య మనవారికి కరతలామలకము. అట్టి మడ్డి స్పిరిటుకు రంగును, పరిమళమును, ఒకింత మాల్టును చేర్చి సీసాకెత్తినదానిని మనము విస్కీ యందుము. ఐరోపా శాసనము అట్లనుట కొప్పుకొనదు, ఏలయన ధాన్యము లేనిదే వారికి విస్కీ లేదు, చెరకు నుండి పుట్టినది వారి లెక్కలో రమ్ము జాతి. ఇప్పుడు నూకల నుండియు స్పిరిటు తీయుచున్నారు గాని, దానికి ఓకు పీపాతో మూడేండ్ల సహవాసము సామాన్యముగా నుండదు. నేను మన సరకును నిందించుట లేదు. మన కాలువ నీరు త్రాగి పెరిగిన చెరకు బిడ్డను స్కాట్లండు బార్లీ బిడ్డగా పిలుచుటయే నాకు రుచింపదు. అందుచేత సీసాపై ‘స్కాచ్ మాల్టుతో మేళవించినది’ అని కనబడినంతనే మురిసిపోరాదు. అది స్కాచ్ కాదు, స్కాచ్ తగిలినది.

తరువాత చదువవలసినది, సీసా ఎక్కడ నిండినది అను వాక్యము. టీచర్స్, బ్లాక్ అండ్ వైట్, వాట్ 69, హండ్రెడ్ పైపర్స్ మొదలగునవి స్కాట్లండులో ఈడేరి, పెద్ద పాత్రలలో ఓడలెక్కి వచ్చి, మన దేశమున నీరు కలుపుకొని సీసాలలో నిండుచుండును. అచ్చటనే సీసాకెక్కి వచ్చువానికంటె వీని వెల తక్కువగా నుండుటకు ప్రధానకారణము ఇదియే. ఇచట నిండినదని చులకన చేయువారు కలరు. పీపాలోని మూడేండ్లును స్కాట్లండులోనే గడచినవి గనుక ఆ చులకనకు నాకు హేతువు కనబడదు. మీదుమిక్కిలి, అచ్చటి సీసా 700 మిల్లీలీటర్లు, సామాన్యముగా 40 పాళ్లు. ఇచటి ఫుల్లు 750, అందు 42.8 పాళ్లు. ఆ 42.8 అను వింత సంఖ్య, దొరలనాటి ప్రూఫు కొలతలో నూటికి డెబ్బదియైదుగా లెక్కించిన పాతలెక్కకు నేటి రూపము. దొరలు పోయినను వారి కొలత మన సీసాలలో నిలిచిపోయినది.

వయస్సు సంగతి వేరు. సీసాపై 12 అని యున్నచో, అందు కలిసిన విస్కీలలో కడపటి పసిబిడ్డకును పండ్రెండేండ్లు నిండినవని అర్థము, సగటు కాదు. సంఖ్య లేనిచోట ‘రేర్’, ‘ఫైనెస్ట్’, ‘రిజర్వు’ అను బిరుదములు ఎన్ని యున్నను, వయస్సును గూర్చి అవి పలుకు సాక్ష్యము శూన్యము. పీపా విడిచి సీసాలో చేరినది మొదలు విస్కీకి వయస్సు ఆగిపోవును. దుబాయి నుండి మేనల్లుడు తెచ్చిన సీసాను చీరల బీరువాలో ఇరువదియేండ్లు దాచి, అది ముప్పదిరెండేండ్లదైనదని అతిథులకు ప్రకటించు పెద్దమనుష్యు లెందరినో చూచితిని. మూత తీసిన సీసాలో సగము ఖాళీయైన పిమ్మట గాలి సోకి నెలల తరబడి రుచి సన్నగిల్లును గనుక, దాచుకొనుటలో మిగులున దేమియు లేదు.

చదువరియైన కొనుగోలుదారునిపై మన సర్వోన్నత న్యాయస్థానమునకు సయితము నమ్మకము కలదు. బెంగళూరు ఖోడేవారు 1968 నుండి అమ్ముచుండిన పీటర్ స్కాట్ అను విస్కీ పేరులో స్కాట్లండు వాసన తగులుచున్నదని స్కాచ్ విస్కీ సంఘమువారు వ్యాజ్యమాడగా, 2008లో న్యాయస్థానము వారి ఆలస్యమును ఎత్తిచూపుటయే గాక, స్కాచ్ కొను తరగతివారు సొమ్ము విలువయు, సరకు పుట్టుకయు ఎరిగినవారని భావించి, ఖోడేవారి పక్షమున తీర్పు చెప్పెను. ఆ న్యాయమూర్తులు శనివారము సాయంకాలము మన వూరి బ్రాందీ షాపు ముందు వరుసలో ఒక్కసారి నిలిచియున్నచో ఏమనియుందురో!

అక్షరములు ఇంతవరకే తోడ్పడును, ఆపైని ముక్కు. ఈ విషయమున నాకు గురువు విలియమ్ శాండర్సన్. ఆయన 1882లో నూరు రకముల మేళవింపులు సిద్ధముచేసి, నూరు పీపాలలో నింపి, రుచి తెలిసినవారిని కొందరిని పిలిపించి చూపగా, వారందరును అరువదితొమ్మిదవ పీపాను మెచ్చిరట. అదియే వాట్ 69. మన పాత చలనచిత్రములలో ప్రతినాయకుని బల్లపై తప్పక కొలువుదీరుచుండిన ఆ సీసా పేరు, నిజమునకు ఒక పరీక్ష యొక్క ఫలితము. శాండర్సనుకు నూరు పీపాలు కలవు. మనకు క్వార్టర్లు కలవు. ఇచట నిండు స్కాచ్‌లు 180 మిల్లీలీటర్ల సీసాలలోను దొరకును గనుక, కీర్తిగల ఒక్క ఫుల్లుపై సొమ్మంతయు ధారపోయుటకంటె, అదే సొమ్ముతో నాలుగు రకముల క్వార్టర్లు కొని, నలుగురు కలిసి, పేరు తెలియకుండ రుచి చూచి, గెలిచినదాని ఫుల్లు ఆ మీదట కొనుట ఉత్తమము. ఖర్చు నలుగురిలో పంచుకొన్నచో భారమును తెలియదు. షాపులో కుర్రవాడు “ఇదైతే బాగా వెళ్తోందండి, తీసుకెళ్లండి” అని అందించునది పుచ్చుకొనరాదు. వానికి తెలిసినది అమ్మకము, మనకు కావలసినది విస్కీ.

రాజమహేంద్రవరమున మా తోడల్లుని మేడపై ఈ పరీక్ష జరిపితిమి. గ్లాసుల అడుగున చీటీలంటించి, ఒకరు లోపల పోసి తెచ్చుటయు, తక్కినవారు బయట కూర్చుండి వాసన చూచుటయు నియమము. స్టీలు గ్లాసు పనికిరాదు. మూతి కొంచెము ముడుచుకొన్న గాజు గ్లాసైనచో వాసన నిలుచును. నీరు చేర్చకమునుపు ముక్కు దింపినచో ఆల్కహాలు సూదివలె పొడుచును తప్ప మరేమియు తెలియదు. స్కాట్లండులో మేళవింపు చేయు నిపుణులే 20 పాళ్లకు దిగువచ్చునంత నీరు కలిపి వాసన చూతురు గనుక, సగము నీరు కలుపుట అనాగరికమని చిన్నబుచ్చుకొన పనిలేదు. సోడా వద్దు, దాని బుడగలు పరీక్షను చెరచును. స్టఫ్ కూడ అప్పుడే వద్దు. రొయ్యల వేపుడు బల్లమీదికి వచ్చిన పిమ్మట ఏ స్కాచ్ ఏదియో బ్రహ్మకును తెలియదు.

మా తోడల్లుడు చిరకాలముగా ఒకే పేరును నమ్మినవాడు. మూడవ గ్లాసు ముక్కు కానించి, “ఇది నాదేనండి అన్నయ్యగారూ, వాసన పట్టేశాను” అనెను. చీటీ తీసి చూడగా నిజముగనే ఆయనదే. అంతకుముందే ఆ గ్లాసునకు ఆయన కడపటి స్థానమిచ్చియుండెను. “మరి ఆఖరున పెట్టారేంటండీ?” అంటిని. “అలవాటు వేరు, బాగుండటం వేరు కదండీ” అని నవ్వి, తన అలవాటునే మరల పోసికొనెను. ఆయన కోరికను తప్పుపట్టుట నా వశము కాదు.

నా మట్టుకు నేను ఈ తరగతిలో టీచర్స్ పక్షపాతిని. ఆర్డ్‌మోర్ బట్టీనుండి వచ్చు మాల్టు దానికి మూలకందము. ఆ బట్టీలో బార్లీ మొలకలను పీట్ అను చిత్తడినేల మట్టిగడ్డల పొగపై ఆరబెట్టు ఆచారము గనుక, నీరు చేర్చిన రెండు నిమిషములకు గ్లాసులో నుండి, కార్తిక మాసమున తంపటి వేసి తేగలు కాల్చినపుడు లేచు పొగవంటి వాసన ఒకటి సన్నగా తేలివచ్చును. పొగ గిట్టనివారికి బ్లాక్ అండ్ వైట్ సాధువు. అది తీపి వైపునకు మొగ్గును. ఇంకొంచెము సొమ్ము కూడినపుడు బ్లాక్ లేబులో షివాస్ రీగలో, పండ్రెండేండ్ల సంఖ్య నిజముగా వ్రాసియున్న మేళవింపు కొనుట యుక్తము. అంతకుముందే సింగిల్ మాల్టుకై అంగలార్చుట అనవసరము. సింగిల్ మాల్టనగా ఒక్క బట్టీనుండి వచ్చిన మాల్టు విస్కీ యని మాత్రమే అర్థము. అది ఉత్తమమను పూచీ ఆ మాటలో లేదు. మే నెలలో మన మేడలపై రాత్రి పదిగంటలకును గోడలు సెగలు క్రక్కుచుండగా ‘గది ఉష్ణోగ్రత వద్దనే సేవింపవలెను’ అను శీతలదేశపు శాస్త్రమును పాటించుట మూర్ఖత్వము. ఒక మంచుగడ్డకు నేను అనుజ్ఞ ఇచ్చెదను.

ఇక వెల. సురాధ్యక్షుని నియమించి మద్యముపై రాజునకు రావలసినది రాబట్టుమని కౌటిల్యుడు అర్థశాస్త్రమున వ్రాసిననాటినుండి సీసాలో ప్రభుత్వపు వాటా తగ్గినది లేదు. పరదేశపు మద్యముపై మన కస్టమ్స్ సుంకము చిరకాలముగా నూటికి 150. బ్రిటనుతో 2025 జూలై 24న సంతకమైన వాణిజ్య ఒప్పందము అది మొదట 75కును, పదవయేట 40కును దిగుననుచున్నది. దిగినను షాపులో వెల సగమగునని ఆశింపరాదు. ఆ సుంకముపై రాష్ట్రము వేయు పన్నులు వేరుగా నున్నవి. ప్రాంతమునుబట్టి ఈ పన్నులలో గల భేదము కంటికి కనబడు స్థలము మన డెల్టాలోనే యానాము. 1954 జూన్ 13న ఫ్రెంచివారి పాలననుండి విముక్తమైన ఆ చిన్న పట్టణము నేటికిని పుదుచ్చేరిలో భాగమై, అచటి పన్నుల కట్టుబాట్లలో నుండుటచే, గౌతమికి ఆవలి ఎదుర్లంకలో ఒక వెలయైన సీసా వంతెన దాటినంతనే మరొక వెలకు దొరకుచుండును. అదే సంవత్సరము నవంబరులో మద్యనిషేధ వివాదముపై ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము ఒక్క ఓటు తేడాతో కూలినది. మరల 1995 జనవరి నుండి 1997 వరకు మన రాష్ట్రమంతట నిషేధము నడచినది. ఆ కాలమున యానాము బస్సుల రద్దీ మన తరమువారికి జ్ఞాపకమే. అచట కూర్చుండి సేవించుట వేరు, సీసాను వంతెన దాటించి తెచ్చుట వేరు. రెండవది ఎక్సైజువారి పాలబడు మార్గము గనుక, ఆదాయేదో వంతెన మీదనే ఖర్చగును.

ఇదంతయు మనము మనకొరకు కొనుకొను సీసా విషయము. సంక్రాంతికి క్రొత్త అల్లుడు వచ్చునపుడు ఈ శాస్త్రమంతయు కట్టిపెట్టి, అట్టపెట్టెతో వచ్చు సీసాయే కొనవలెను. అల్లుడు విస్కీని రుచి చూచుటకు ముందు వియ్యాలవారు పెట్టెను చూతురు.