గోరుచుట్టు: సామెత, నిమ్మకాయ

“గోరుచుట్టుపై రోకటిపోటు” అన్నవారు ఆ బాధను బాగుగా ఎరిగినవారే. గోటి ప్రక్క మడతలో చేరిన చీమునకు వ్యాపించుటకు చోటుండదు. అందుచే ఒత్తిడి పెరిగి వ్రేలు సలుపును. ఇంత నిశితముగా గమనించిన లోకమే నిమ్మకాయకు రంధ్రము చేసి వ్రేలికి తొడుగుట విచిత్రము! చల్లదనమువలన కొంత హాయి తోచవచ్చును గాని, ఆ పులుసు చర్మము క్రిందనున్న చీమును చేరదు. దానిని వైద్యుడు చిన్న గాటుతో వెడలింపవలసినదే.

ఆ పేరులోను లోపము కలదు. అది చోటును చెప్పును, కారణమును చెప్పదు. గోళ్ళు కొరుకుట, గోటి ప్రక్కన లేచిన చర్మపు పేలికను పీకుట, మడతను లోతుగా కత్తిరించుట - ఇట్టి గాయములనుండి స్టెఫిలోకాకస్ ఆరియస్ వంటి బాక్టీరియా ప్రవేశించినచో వాపు త్వరలోనే వచ్చును. అంట్లు తోమువారికి, బట్టలు ఉతుకువారికి ఆరు వారములు దాటినను మానని వాపు వేరు. అందు తడి, సబ్బు కలిగించు తాపమే మూలము, సూక్ష్మజీవులు పిదప చేరును. మధుమేహులకు ముప్పు హెచ్చు.

ఇక లేచిపోయిన గోటి క్రింద తడి నిలిచినచో సూడోమొనాస్ ఏరుజినోసా పెరిగి గోటిని ఆకుపచ్చగా మార్చును. గోల్డ్‌మన్, ఫాక్స్ అనువారు 1944లో దీనిని వర్ణించిరి. సాధారణముగా దీనికి నొప్పి యుండదు. కాబోలు, సామెతకు అందలేదు.