సొంతిల్లు లేని బాల్యం: ఖరగ్‌పూర్ తెలుగువారి జ్ఞాపకాలు

తెలుగులో జ్ఞాపకాల సాహిత్యం చాలావరకు నేలను అంటిపెట్టుకొని పెరిగింది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ మొదలుకొని సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’, నామిని, ఖదీర్‌బాబు, వంశీల రచనల వరకు ఒక ఊరు, ఒక యాస, తరతరాల ఇళ్ళు వాటికి ఆధారం. ఈ కొలమానంతో చూస్తే ఖరగ్‌పూర్ రైల్వే కుటుంబాల తెలుగువారు ఇళ్ళలోనూ సభలలోనూ చెప్పుకునే బాల్య స్మృతులు వెలితిగా తోస్తాయి. వాటిలో పుణ్యనది లేదు, పొలం గట్టు లేదు, తాతలనాటి మండువా లోగిలి లేదు. అయితే ఆ లోపం స్మృతులదా, కొలమానానిదా అన్నది పరిశీలించదగిన విషయం.

ఖరగ్‌పూర్ తెలుగువారి వలస చరిత్ర ఒక రైలుమార్గం చరిత్ర. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, పంతొమ్మిదవ శతాబ్ది చివర మిదునాపురం జిల్లాలోని ఈ చోట కూడలి స్టేషనును, దాని వెంట పెద్ద కార్ఖానాను నెలకొల్పింది. 1902లో తూర్పు తీర రైలుమార్గంలో కటకం నుంచి వాల్తేరు వరకు గల భాగం ఇదే కంపెనీ అధీనంలోకి వచ్చింది. దానితో గంజాం, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెలకు ఖరగ్‌పూర్ ఒక్క రైలు దూరంలోకి వచ్చింది. కలాసీలుగా, ఫిట్టర్లుగా, గ్యాంగుమన్లుగా, గుమస్తాలుగా వచ్చినవారు మథురాకాటి, నీంపురా, గోల్‌బజారు పరిసరాలలో స్థిరపడ్డారు. కరవూ అప్పులూ తరిమినవారికి నెల జీతమే ఒక కొత్త లోకం.

ఈ స్మృతులకు ఆధారం నేల కాదు, కాలం. కార్ఖానా సైరను పొద్దును విభజిస్తుంది. తండ్రి రాత్రి డ్యూటీ చేసివచ్చి నిద్రపోతున్న పగళ్ళలో పిల్లలు గొంతు తగ్గించి ఆడుకుంటారు. జీతాల రోజున బజారు ముఖమే మారిపోతుంది. ఇంటి గదులెన్నో నిర్ణయించేది తండ్రి హోదా. ఏ వరుస క్వార్టర్లలో ఉంటున్నారో చెబితే ఆ ఇంటి ఆదాయం, అంతస్తు ఎదుటివారికి తెలిసిపోతాయి. పల్లెలో కులం చేసిన పనిని ఇక్కడ కొంతవరకు ఉద్యోగ శ్రేణి చేసింది. కులం మాత్రం పూర్తిగా తొలగిపోలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ ఇల్లు తమది కాకపోవడం. పదవీ విరమణ చేసిన కొద్ది నెలలకు క్వార్టరు ఖాళీ చేయాలి. పెరట్లో నాటిన మామిడి కాపుకు వచ్చే వేళకు మరొక కుటుంబం ఆ చెట్టు కింద ఉంటుంది. పుట్టి పెరిగిన గదిలోకి మళ్ళీ అడుగుపెట్టాలంటే అపరిచితుల అనుమతి అడగాలి. తండ్రి వదిలివచ్చిన పల్లెలో పిల్లలకు చోటు లేదు, పెరిగిన బస్తీలో హక్కు లేదు. ఈ స్మృతులలోని వేదన ఇదే. తెలుగు సాహిత్యంలో అరుదుగా వినిపించే స్వరం కూడా ఇదే.

ఈ జ్ఞాపకాలకు లోపాలు లేకపోలేదు. ‘మినీ ఇండియా’ అన్న మాటతో చాలామంది తృప్తిపడతారు. బెంగాలీ, ఒడియా, హిందీ, తమిళ కుటుంబాల నడుమ పెరగడం నిజమే. కానీ ఆ సామరస్యం వెనుక ఉన్న సర్దుబాట్లను, అలకలను ఎవరూ వివరించరు. 1072 మీటర్ల ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్లా పొడవైనదన్న గర్వం మరొకటి. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని దాటిపోయాయి. కొలతల మీద నిలిచిన గర్వానికి ఆయుష్షు తక్కువ.

మరువరాని ఘట్టాలు మాత్రం మరుగున పడ్డాయి. 1927లో ఇక్కడి కార్మికులు చేసిన పోరాటం, ఉద్యోగాల తొలగింపు, కార్ఖానా లాకౌటు తాతల తరం నాటివి. ఆ రైల్వే కార్మికోద్యమ నాయకులలో ఒకరైన వి.వి.గిరి గంజాం బరంపురంలో పుట్టిన తెలుగువారు, 1969లో రాష్ట్రపతి అయినవారు. 1931 సెప్టెంబరు 16న హిజ్లీ నిర్బంధ శిబిరంలో జరిగిన కాల్పులలో సంతోష్‌కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా అమరులయ్యారు. ఆ భవనంలోనే 1951లో దేశపు మొదటి ఐ.ఐ.టి. మొదలయింది. 1974 మే నాటి రైల్వే సమ్మెలో దేశంలోని అనేక రైల్వే కాలనీలలో కుటుంబాలను ఇళ్ళ నుంచి వెళ్ళగొట్టారు. క్వార్టరు తమది కాదన్న సత్యం అంత కఠినంగా మరెప్పుడూ తెలియలేదు. బాల్యాన్ని చెప్పేవారు ఈ చరిత్రను పక్కన పెడితే మిగిలేది తీపి మాత్రమే.

నిలిచినవి భాష, సంబరం. వేసవి సమీపించే వేళ తెలుగు బస్తీలలో జరిగే మాతాపూజలో ఉత్తరాంధ్ర గ్రామదేవతల పండుగ కనిపిస్తుంది. ఇంట్లో కళింగాంధ్ర యాస, వీధిలో హిందీ, కార్యాలయంలో బెంగాలీ, ఇంగ్లీషు కలిసిన ఆ పలుకుబడిని దోషంగా భావించి పుస్తకాల భాషలోకి మార్చి చెప్పినప్పుడల్లా స్మృతి ప్రాణం కోల్పోతుంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తిని ఆమోదించింది. ఆ గుర్తింపు విలువైనదే. అయితే చదివే పిల్లలు, రాసే పెద్దలు లేనిదే అది కాగితం మీదనే మిగులుతుంది.

కార్ఖానా సైరను విని లేచిన తరం వృద్ధాప్యంలో ఉంది. వారి మాటలను వారి యాసలోనే నమోదు చేయడం సాంస్కృతిక సంస్థలు వెంటనే చేపట్టదగిన పని. నేల లేనివారికి జ్ఞాపకమే పట్టా. ఆ పట్టా ఇంకా రాతలోకి రావలసి ఉంది.